లింకు పడితే రౌటరే రూటు మార్చాలా, మనకి చెప్పి ఊరుకోవాలా? (ఈఈఎమ్ యాప్లెట్ సగంలో ఆగుతోంది)

ఉండి_సిస్టమ్స్:
ఉండి దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు అండి. సిస్కో 4321 రౌటరు. మెయిన్ ఫైబరు మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ని రాగి కేబుల్‌కి మార్చే పెట్టె) మీదుగా గిగ్ 0/0/0 పోర్టుకి వస్తుంది, బ్యాకప్ 4జీ మోడెమ్ గిగ్ 0/0/1కి. మెయిన్ పోతే డీఫాల్ట్ రూటు (బయటికెళ్లే ట్రాఫిక్ దారి) 4జీకి మార్చమని ఎంబెడెడ్ ఈవెంట్ మేనేజర్‌లో (ఈఈఎమ్, ఏదైనా జరగ్గానే రౌటరే కమాండ్లు నడిపే సదుపాయం) యాప్లెట్, అంటే చిన్న స్క్రిప్టు, రాశాం. ట్రిగ్గర్: సిస్‌లాగ్‌లో (రౌటర్ రాసే లాగ్) గిగ్ 0/0/0 లైన్‌ప్రోటో డౌన్, అంటే లింకు పడిందన్న మెసేజ్. యాక్షన్లు ఇవి: 1 ఎనేబుల్, 2 కాన్ఫ్ టీ (కాన్ఫిగ్ మార్చే మోడ్), 3 పాత రూటు తీసెయ్, 4 కొత్త రూటు, 5 ఎండ్, 6 నుంచి 9 షో కమాండ్లు ఫ్లాష్‌లోకి, 10 న్యాట్ (లోపలి చిరునామాలను బయటి చిరునామాకి మార్చే పట్టిక) క్లియర్, 11 మెయిల్.
కాలవ గట్టు మీద ఫైబర్ తెగితే యాప్లెట్ అసలు కదల్లేదు. కన్వర్టర్ అడాప్టర్ కాలిపోయినప్పుడు కదిలింది, హిస్టరీ ఈవెంట్స్‌లో పేరు కూడా ఉంది. కానీ రూటు మారలేదు, మెయిలూ రాలేదు. రౌటర్ చేత ఇలాంటి పని చేయించడమే తప్పని మా కన్సల్టెంటు గారి వాదన. మీరేమంటారు?

గట్టుమీద_ఫైబర్:
కన్సల్టెంటు సంగతి తర్వాత, ముందు జబ్బు చూద్దాం. మీకున్నవి రెండు.
ఒకటి. ఫైబర్ తెగినా కన్వర్టర్‌కీ రౌటర్‌కీ మధ్య రాగి లింకు బతికే ఉంటుంది. రౌటర్ దృష్టిలో ఇంటర్‌ఫేస్ అప్, లైన్‌ప్రోటో అప్. మెసేజే రాకపోతే యాప్లెట్ దేన్ని చూసి కదులుతుంది? కన్వర్టర్ అడుగున ఎల్ఎల్ఎఫ్ లేదా ఎల్ఎఫ్‌పీ అని డిప్ స్విచ్ ఉంటే ఆన్ చెయ్యండి. అప్పుడు ఫైబర్ పోగానే రాగి వైపు కూడా దించుతుంది. చవక కన్వర్టర్లలో చాలావాటికి అది ఉండదు.
రెండు. యాక్షన్ లేబుళ్లు అంకెలు కావు, అక్షరాల వరసలో నడుస్తాయి. షో రన్ తియ్యండి: 1, 10, 11, 2, 3 అనే కనిపిస్తుంది. అంటే ఎనేబుల్ కాగానే న్యాట్ క్లియర్, వెంటనే చచ్చిపోయిన లైను మీద మెయిల్. సర్వరు అందక అక్కడే ఇరుక్కుంటుంది. ఈలోగా పాలసీకి ఉన్న 20 సెకన్ల గడువు అయిపోయి రౌటరే దాన్ని ఆపేస్తుంది. మీ 2, 3, 4 నడిచే అవకాశమే లేదు. 010, 020, 030 అని రాసుకోండి, మెయిల్ ఆఖర్న పెట్టండి, మ్యాక్స్‌రన్ (ఆ గడువు) 120 ఇవ్వండి.

పాలకొల్లు_నైట్:
లేబుళ్ల దెబ్బ తినని వాడు ఈ జిల్లాలో లేడు.

తణుకు_సీఎల్ఐ:
మ్యాక్స్‌రన్ పెంచడం మందు కాదండి. ఉండి గారూ, టాకాక్స్ (ఎవరు ఏ కమాండు కొట్టొచ్చో సర్వర్‌ని అడిగే పద్ధతి) ఉందా? ఉంటే సర్వర్లు ఎక్కడున్నాయి?

ఉండి_సిస్టమ్స్:
ఉందండి. రెండు సర్వర్లూ విశాఖ హెడ్డాఫీసులో. కమాండ్ ఆథరైజేషన్ కూడా ఆన్‌లోనే ఉంది.

తణుకు_సీఎల్ఐ:
అయితే అసలు దొంగ మెయిల్ కాదు. ఈఈఎమ్ ఒక వీటీవై లైను (రిమోట్ లాగిన్ లైను) తీసుకుని అందులో మనిషిలాగే కమాండ్లు కొడుతుంది. ప్రతి కమాండుకీ టాకాక్స్ అనుమతి అడుగుతుంది, లైను పోయింది కాబట్టి జవాబు రాదు. టాకాక్స్ డీఫాల్ట్ టైమౌట్ 5 సెకన్లు, రెండు సర్వర్లంటే కమాండుకి 10. రెండు కమాండ్లకే మీ 20 సెకన్లు హరీ. మెయిల్ దాకా ఎక్కడ వెళ్లింది?

గట్టుమీద_ఫైబర్:
నేను చెప్పిందీ 20 సెకన్లే కదా.

తణుకు_సీఎల్ఐ:
మీరు చెప్పింది మెయిల్. నేను చెప్పేది ఆథరైజేషన్. తేడా ఉంది.

గట్టుమీద_ఫైబర్:
తేడా తేలాలంటే డీబగ్ ఈవెంట్ మేనేజర్ యాక్షన్ సీఎల్ఐ ఆన్ చేసి చూడమనండి. సెండ్ లాగ్ కమాండుతో ఆ మెసేజ్ మాటలే పంపితే కేబుల్ పీకకుండానే యాప్లెట్ కదులుతుంది. లింకు బాగున్నప్పుడు ఒకసారి, ఫైబర్ పీకి ఒకసారి. ఏ కమాండు దగ్గర ఎన్ని సెకన్లు ఆగిందో తెలిసిపోతుంది. టాకాక్సే అయితే యాప్లెట్ పేరు పక్కన ఆథరైజేషన్ బైపాస్ అని పెడితే సరి.

తణుకు_సీఎల్ఐ:
బైపాసా! ఎవరి పేరూ లేకుండా, ఎవర్నీ అడక్కుండా రౌటర్ తన కాన్ఫిగ్ తానే మార్చుకుంటుందన్నమాట. పెడితే ఈవెంట్ మేనేజర్ సెషన్ సీఎల్ఐ యూజర్‌నేమ్ పెట్టండి, కనీసం ఒక పేరు మీద నడుస్తుంది.

గట్టుమీద_ఫైబర్:
ఆ పేరుకైనా అనుమతి ఇవ్వాల్సింది విశాఖ సర్వరే కదండీ. తెగిన లైను మీద ఎవర్ని అడుగుతారు?

రాజోలు_మైక్రోటిక్:
ఇటు మైక్రోటిక్ రౌటర్ల నెట్‌వాచ్‌లోనూ (పింగ్ పోతే స్క్రిప్టు నడిపేది) ఇదే గోల. టెర్మినల్‌లో బ్రహ్మాండంగా నడిచే స్క్రిప్టు నెట్‌వాచ్ నుంచి నడవదు. దానికి రీడ్, రైట్, టెస్ట్, రీబూట్ అనుమతులే ఉంటాయి. మీరు పెట్టిన గ్లోబల్ వేరియబుల్ కూడా దానికి కనపడదు.

తణుకు_సీఎల్ఐ:
మైక్రోటిక్ వేరే దారంలో (థ్రెడ్‌లో) మాట్లాడుకుందాం.
గట్టుమీద గారూ, రాత్రి యాప్లెట్ రూటు మార్చింది, రన్నింగ్ కాన్ఫిగ్‌లో మాత్రమే. కరెంటు పోయి రౌటర్ రీబూట్ అయితే పాత రూటే లేస్తుంది, మళ్లీ చచ్చిన లైనే. ఇంటర్‌ఫేస్ మొదట్నుంచీ డౌన్‌లోనే ఉంటే డౌన్ అయిందన్న మెసేజ్ రాకపోవచ్చు, యాప్లెట్ మళ్లీ కదలకపోవచ్చు. ఇంకో ముచ్చట: పొద్దున్నే ఎవరో ఏదో మార్చి రైట్ (కాన్ఫిగ్ సేవ్) కొట్టారనుకోండి, 4జీ రూటు శాశ్వతం అవుతుంది. ఫైబర్ బాగయ్యాక కూడా ప్లాంటంతా 4జీ మీదే. బిల్లు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. మా దగ్గర ఒక కాంట్రాక్టరు సరిగ్గా ఇలాంటి యాప్లెట్ పెట్టి చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆ మార్పు ఎవరు చేశారని సంజాయిషీ నన్నడిగారు.

గట్టుమీద_ఫైబర్:
అదండీ విషయం. సంజాయిషీ. మీ భయం సాంకేతికం కాదు.

తణుకు_సీఎల్ఐ:
సంజాయిషీ రాసిన వాడికి తెలుస్తుంది. మీరు స్ప్లైసింగ్ చేసి బండెక్కి వెళ్లిపోతారు.

గట్టుమీద_ఫైబర్:
మీరు డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు చూసి తెల్లారాక ఫోను చేస్తారు! చెరువుల్లో రొయ్యల పట్టుబడి అయ్యి సరుకు కంటైనర్లో ఎక్కి ఉంటుంది. 50,000 రూపాయలు దాటిన సరుకుకి ఈ-వే బిల్లు లేకుండా గేటు దాటకూడదు, నెట్ లేకపోతే బిల్లు రాదు. రాత్రి రెండింటికి ప్లాంటులో ఉండేది వాచ్‌మన్. అలర్టు ఎవరికి పంపుతారు, ఆయనకా? మెయిన్ లైను మీద పంపే అలర్టు మెయిన్ లైను పడ్డప్పుడు ఎలా వెళ్తుంది?

మోడరేటర్:
ఇద్దరూ కాస్త తగ్గండి. వృత్తుల మీదికి వెళ్లొద్దు.

పాలకొల్లు_నైట్:
కాలవలు కట్టేసి పూడిక తీసే ఎండాకాలం వస్తే గట్టు మీద పొక్లెయిన్ ఉన్నన్నాళ్లూ ఈ దారం మూతపడదు.

తణుకు_సీఎల్ఐ:
సరే, సూటిగా అడుగుతున్నా. రూటు మారకూడదని నేనెక్కడ అన్నాను? కాన్ఫిగ్ మారకూడదు అంటున్నా. రూటు మార్చడానికి ఈఈఎమ్ ఎందుకు? ఉండి గారూ, ఇది చూడండి.
ఐపీ ఎస్ఎల్ఏ ఐసీఎంపీ ఎకోలు (రౌటర్ తానే చేస్తుండే పింగులు) రెండు, మెయిన్ లైను అవతల రెండు వేర్వేరు చిరునామాలకి, ఫ్రీక్వెన్సీ 10 (వదిలేస్తే 60 సెకన్లు ఉంటుంది). ప్రొవైడర్ గేట్‌వేని మాత్రమే పింగ్ చేస్తే లాభం లేదు, దాని వెనక తెగితే తెలియదు. రెండిటినీ ట్రాక్ (పింగులు అందుతున్నాయో లేదో చూసేది) లిస్ట్ బూలియన్ ఆర్‌లో కలపండి, రెండూ పోతేనే డౌన్. డీఫాల్ట్ రూటు ఒకటి మెయిన్ గేట్‌వేకి, ఆ ట్రాక్‌తో. ఇంకొకటి 4జీకి, దూరం 250తో (ప్రాధాన్యం తక్కువ, మెయిన్ రూటు పోతేనే వాడుకలోకి వస్తుంది). రెండూ ఎప్పుడూ కాన్ఫిగ్‌లోనే ఉంటాయి. రీబూట్ అయినా, రైట్ కొట్టినా చెడదు.

గట్టుమీద_ఫైబర్:
ఇందులో ఒక గొయ్యి ఉంది. ఆ రెండు చిరునామాలకీ మెయిన్ గేట్‌వే మీదుగా /32 రూట్లు (ఆ ఒక్క చిరునామాకే దారి) వెయ్యకపోతే, 4జీకి మారగానే పింగులు 4జీ మీదుగా వెళ్లి విజయవంతం అవుతాయి. ట్రాక్ అప్, రూటు మళ్లీ చచ్చిన లైనుకి, మళ్లీ డౌన్. తెల్లవార్లూ ఉయ్యాలే. సోర్స్ ఇంటర్‌ఫేస్ ఇచ్చాం కదా అనుకోవద్దు, అది చిరునామా మాత్రమే ఇస్తుంది, దారి కాదు. అవే చిరునామాలకి నల్ 0 (ప్యాకెట్లు పారేసే చోటు) మీద దూరం 250తో ఇంకో /32 కూడా వెయ్యండి, ఇంటర్‌ఫేస్ పడినప్పుడు పింగు 4జీలోకి జారకుండా. ప్లాంటు డీఎన్ఎస్‌కి వాడే చిరునామాని మాత్రం పింగ్ గురిగా పెట్టొద్దు, 4జీ మీద ఉన్నంతసేపూ అది అందదు.

తణుకు_సీఎల్ఐ:
ఒప్పుకుంటున్నా, /32లు తప్పనిసరి.

గట్టుమీద_ఫైబర్:
మరి న్యాట్? రూటు మారినా పాత ట్రాన్స్‌లేషన్లు పాత చిరునామాతోనే వేలాడతాయి. అది క్లియర్ చెయ్యడానికి ఈఈఎమ్ కావాలి. క్లియర్ కమాండుకీ టాకాక్స్ అనుమతి కావాలి. బైపాస్ లేకుండా ఎలా చేస్తారో చెప్పండి.

తణుకు_సీఎల్ఐ:
ఆ ఒక్క యాప్లెట్‌కి పెట్టుకోండి. ట్రిగ్గర్ ఈవెంట్ ట్రాక్, స్టేట్ ఎనీ. 010 ఎనేబుల్, 020 వెయిట్ 3, 030 న్యాట్ క్లియర్, 040 షో ట్రాక్ ఫలితం ఫ్లాష్‌లోకి అపెండ్. కాన్ఫ్ టీ ఉండకూడదు, అంతే. డిస్క్రిప్షన్‌లో ఎవరు రాశారో పేరు ఉండాలి.

గట్టుమీద_ఫైబర్:
పేరు దగ్గరే ఆగారు మీరు. ఉండి గారూ, న్యాట్ ఓవర్‌లోడ్ (అందరికీ ఒకే బయటి చిరునామా) రెండు ఇంటర్‌ఫేస్‌లకీ రూట్‌మ్యాప్‌లతో విడివిడిగా ఉందో లేదో చూసుకోండి, లేకపోతే క్లియర్ చేసీ ఉపయోగం లేదు. టెస్టు చేసేటప్పుడు రాగి కేబుల్ పీకకండి, అది ఎప్పుడూ పాసవుతుంది. కన్వర్టర్ నుంచి ఫైబర్ ప్యాచ్ కార్డ్ పీకండి.

ఉండి_సిస్టమ్స్:
ఇద్దరికీ థాంక్సండి. ఒక్కటే సందేహం: ఆకివీడు వైపు ఫైబర్ నిమిషానికోసారి పడి లేస్తుంటుంది. ట్రాక్ డిలే (మారే ముందు ఆగే సెకన్లు) ఎంత పెట్టమంటారు?

గట్టుమీద_ఫైబర్:
డౌన్ 15, అప్ 180.

తణుకు_సీఎల్ఐ:
డౌన్ 30. పదిహేనంటే రెండు పింగులు పోయినా మారిపోతుంది.