అత్తగారితో పాటు బావమరిదినీ మరదల్నీ అమెరికా తీసుకెళ్ళాలంటే ఒకే ఫైల్ సరిపోతుందా?

గాజువాక అల్లుడు:
నమస్కారమండి. నేను అమెరికన్ సిటిజన్‌ని. మా ఆవిడకి 2024 మార్చిలో గ్రీన్‌కార్డు వచ్చింది. మావగారు లేరు. అత్తగారు గాజువాకలో ఇద్దరు పిల్లలతో ఉంటున్నారు. బావమరిదికి 15 ఏళ్ళు, మరదలికి 11. ముగ్గుర్నీ మా దగ్గరికి తెచ్చుకోవాలని మా ఇద్దరి కోరిక. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు "సిటిజన్ మీరే కాబట్టి అత్తగారికి మీ పేరు మీదే ఫైల్ వేద్దాం, పిల్లలిద్దరూ అందులోనే వచ్చేస్తారు" అంటూ అడ్వాన్స్ అడుగుతున్నారు. ఇది కుదిరే పనేనా? కాకపోతే ఏ వరసలో వెళ్ళాలి?

సీతమ్మధార శాస్త్రి:
అడ్వాన్స్ కట్టకండి. వాళ్ళు చెప్పిన రెండు మాటలూ తప్పే.

మొదటిది, అల్లుడు అత్తగారికి వేసే కేటగిరీ అమెరికా చట్టంలో లేనే లేదు. తల్లికి కన్నబిడ్డే వెయ్యాలి. ఆ బిడ్డ సిటిజన్ అయి ఉండాలి, 21 నిండాలి. గ్రీన్‌కార్డు మీద తల్లికి వెయ్యడానికి లేదు. కాబట్టి మీ ఆవిడ సిటిజన్ అయ్యేదాకా అసలు ఫైలే మొదలవదు. సిటిజన్ భార్యగా ఆమెకి ఐదేళ్ళు అక్కర్లేదు, మూడేళ్ళు చాలు. ఆ మూడేళ్ళూ మీరు సిటిజన్‌గా ఉండి, ఇద్దరూ కలిసి కాపురం చేస్తూ ఉండాలి. మూడేళ్ళు నిండడానికి 90 రోజుల ముందే ఎన్-400 (సిటిజన్‌షిప్ దరఖాస్తు) వెయ్యొచ్చు. అంటే 2026 డిసెంబర్లో వేసుకోవచ్చు. ఒక్కరోజు ముందుగా పడినా తిప్పి కొడతారు, కట్టిన ఫీజూ పోతుంది. కార్డు మీద "రెసిడెంట్ సిన్స్" అని ఉన్న తేదీ నుంచే లెక్కపెట్టండి.

రెండోది, సిటిజన్ తన తల్లికి వేసే ఐ-130 (బంధువు కోసం వేసే పిటిషన్)లో ఒక్కరికే వీసా. ఆమె మీద ఆధారపడ్డ పిల్లలు ఆ ఫైల్లో రారు. కన్సల్టెన్సీ వాళ్ళు పొరబడింది బహుశా ఇక్కడే: ఆ ఫారంలో తల్లి పిల్లలందరి పేర్లూ రాయమని ఒక భాగం ఉంటుంది. అక్కడ పేరు రాసినంత మాత్రాన వీసా రాదు. అలాగని మానెయ్యకండి. ఐ-130లోనూ, తర్వాత డీఎస్-260 (వీసా దరఖాస్తు)లోనూ ఇద్దరి పేర్లూ పుట్టినతేదీలతో రాయాల్సిందే. రాయకపోతే రేపు అత్తగారు పిల్లలకి వేసినప్పుడు "అప్పుడు లేని పిల్లలు ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చారు" అని అడుగుతారు.

సరైన వరస ఇదీ: మీ ఆవిడ సిటిజన్ అవుతారు, వెంటనే తల్లికి ఐ-130 వేస్తారు. ఆ కేటగిరీకి క్యూ ఉండదు, ప్రాసెసింగ్ టైమే. అత్తగారు గ్రీన్‌కార్డుతో దిగగానే ఒక్కో పిల్లకి విడివిడిగా ఎఫ్‌2ఎ కింద ఐ-130 వేస్తారు. పెళ్ళికాని, 21 లోపు పిల్లలకి అది. దానికి మాత్రం క్యూ ఉంది, రెండుమూడేళ్ళు పడుతుందనుకోండి.

ఇప్పుడు బావమరిది వయసు లెక్క చూడాలి. అత్తగారు దిగేసరికి అతనికి 18 దాటొచ్చు. ఎఫ్‌2ఎ తేదీ వచ్చేసరికి 21 గీతకి దగ్గర పడతాడు. దీనికో రక్షణ ఉంది: వీసా తేదీ అందుబాటులోకి వచ్చిన రోజు వయసులోంచి, ఐ-130 ఆమోదానికి పట్టిన కాలం తీసేస్తారు. ఉదాహరణకి ఆ రోజుకి 21 ఏళ్ళ 5 నెలలు, ఐ-130కి 14 నెలలు పట్టిందనుకోండి. లెక్కలో అతని వయసు 20 ఏళ్ళ 3 నెలలే. ఆ తేదీ నుంచి ఏడాదిలోగా వీసా దరఖాస్తుకి కదలాలి, లేకపోతే ఈ లెక్క చెల్లదు. ఈ లెక్కలో కూడా 21 దాటిపోతే ఫైల్ దానంతటదే ఎఫ్‌2బీకి (21 దాటిన పెళ్ళికాని పిల్లల కేటగిరీ) మారుతుంది, అక్కడ ఎదురుచూపు ఏళ్ళ తరబడి. మరదలికి ఈ గొడవ లేదు.

ఇంకొక్క మాట. గ్రీన్‌కార్డు తల్లి వేసిన ఫైల్, పిల్లాడికి పెళ్ళయిన రోజే చచ్చిపోతుంది. పిల్లాడు అమెరికాలో దిగేదాకా ముహూర్తాల మాట ఎత్తకండి.

చోడవరం రిజిస్టర్లు:
పై లెక్క సరిగ్గా ఉంది. దానికి తోడు, మీ ఆవిడ సిటిజన్ అయిన రోజే తమ్ముడికీ చెల్లికీ ఎఫ్‌4 (సిటిజన్ తోబుట్టువుల కేటగిరీ) కూడా వేసి పెట్టండి. ఇండియాకి ఎఫ్‌4లో ఇప్పుడు 2006 నాటి ఫైళ్ళు నడుస్తున్నాయి, కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోకూడదు. కానీ అది పెళ్ళయినా బతికే ఉంటుంది, భార్యాపిల్లలు కూడా అందులోనే వస్తారు. మనిషికి 625 డాలర్లతో ఒక బీమా అనుకోండి.

ఇక కాగితాలు. చాలా ఫైళ్ళు ఆగేది ఇక్కడే. తల్లికి వేసే ఫైల్లో ముఖ్యమైనది అత్తగారి బర్త్ సర్టిఫికెట్ కాదు, మీ ఆవిడది. అందులో తల్లి పేరు అత్తగారి పాస్‌పోర్టులో ఉన్న పేరుతో కలవాలి. మన వైపు ఆసుపత్రి రిజిస్టర్లో "నర్సమ్మ", ఆధార్‌లో "అప్పలనరసమ్మ", పాస్‌పోర్టులో ఇంటిపేరు విడదీసి ఇంకోలా ఉండడం మామూలే. ముందు పాస్‌పోర్టు, ఆధార్, పదో తరగతి మెమో, పెళ్ళి సర్టిఫికెట్ ఒకే బల్ల మీద పరిచి అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే రెండు పేర్లూ ఒక్కరివేనని అఫిడవిట్ పెట్టండి. దిద్దడానికి వీలైనవి ఇప్పుడే దిద్దించండి.

మీ ఆవిడ సర్టిఫికెట్లో పిల్ల పేరు గడి ఖాళీగా ఉంటే, లేదా జననం నమోదే కాకపోతే, రిజిస్ట్రార్ దగ్గర నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, దానితో పదో తరగతి మెమో, ఆమె పుట్టుక తెలిసిన ఇద్దరు పెద్దల అఫిడవిట్లు. గాజువాక 2005 దాకా వేరే మునిసిపాలిటీ, కాబట్టి అంతకుముందు జననాలైతే ఆ పాత రికార్డుల పేరు చెప్పి జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ)లో వెతికించాలి. చోడవరం, నర్సీపట్నం వైపు పుట్టినవాళ్ళకి 2022 ఏప్రిల్ తర్వాత జిల్లా పేరు అనకాపల్లి అని వస్తుంది, పాత పాస్‌పోర్టులో విశాఖపట్నం ఉంటుంది. ఫారంలో ఊరి పేరు సర్టిఫికెట్లో ఉన్నట్టే రాయండి.

బావమరిది సర్టిఫికెట్ ఈ వారమే చూడండి. పేరు చేర్చడానికి నమోదు నుంచి 15 ఏళ్ళే గడువు, అతనికి అది దాటుతున్న వేళ. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం, కింద అనువాదకుడి ధ్రువీకరణ ఉండాలి.

గాజువాక అల్లుడు:
చాలా థాంక్సండి. మరో మూడు సందేహాలు. అత్తగారు అక్కడికొస్తే పిల్లలిక్కడ ఒంటరి అవుతారు కదా? మేమే వాళ్ళని దత్తత తీసుకుంటే తొందరగా అవుతుందా? ఆదాయం ఎవరిది చూపించాలి?

సీతమ్మధార శాస్త్రి:
దత్తత ఆలోచన వదిలెయ్యండి. అమెరికా, ఇండియా రెండూ హేగ్ దత్తత ఒప్పందంలో ఉన్నాయి, కాబట్టి కారా (ఇండియా కేంద్ర దత్తత సంస్థ) ద్వారానే నడవాలి. ఆలయంలోనో రిజిస్ట్రార్ ఆఫీసులోనో చేసుకున్న దత్తత వీసాకి పనికిరాదు. పైగా దత్తత అయ్యాక ఇమ్మిగ్రేషన్ చట్టం దృష్టిలో కన్నతల్లితో సంబంధం తెగిపోవచ్చు, ఎఫ్‌2ఎ దారి మూసుకోవచ్చు.

ఒంటరితనం సంగతి: అత్తగారు ఒకసారి దిగి, పిల్లల ఐ-130లు ఆన్‌లైన్‌లో వేసి, అక్కడుండగానే రీఎంట్రీ పర్మిట్‌కి ఐ-131 వెయ్యాలి. వేలిముద్రలు కూడా అక్కడే ఇచ్చి రావాలి. అప్పుడు రెండేళ్ళ దాకా గాజువాకలో పిల్లల దగ్గర ఉన్నా, ఎక్కువకాలం బయట ఉన్నారనే ఒక్క కారణంతో కార్డు పోదు. దీనికి రెండు మూల్యాలున్నాయి. ఏడాది దాటి బయటుంటే సిటిజన్‌షిప్ లెక్క మళ్ళీ మొదలు. పిల్లల ఇంటర్వ్యూ నాటికి ఆమె నివాసం అమెరికానే అని చూపాలి: మీ అడ్రసు, బ్యాంకు ఖాతా, ఏటా ట్యాక్స్ రిటర్న్ ఉంచండి.

పిల్లలకి మధ్యలో టూరిస్టు వీసా మీద ఆశ పెట్టుకోవద్దు. ఐ-130 పెండింగ్‌లో ఉందా అని ఫారంలో అడుగుతారు, దాచకూడదు, ఉందంటే తిరస్కరణే ఎక్కువ.

ఆదాయం: ఐ-864 (పోషణ హామీ పత్రం) మీద సంతకం పిటిషన్ వేసినవాళ్ళది, అంటే మీ ఆవిడది. మీ జీతం ఐ-864ఎ (ఇంట్లోవాళ్ళ ఒప్పంద పత్రం)తో కలుస్తుంది. 2025 లెక్కలో ముగ్గురి కుటుంబానికి ఏటా కనీసం 33,312 డాలర్లు ఉండాలి. పిల్లల ఫైళ్ళలో పిటిషనర్ అత్తగారే, ఆదాయం లేదు కాబట్టి మీరు జాయింట్ స్పాన్సర్‌గా విడిగా ఐ-864 ఇస్తారు. ఐదుగురనుకుంటే 47,062. ఆ సంతకం తేలిగ్గా తీసుకోకండి. వాళ్ళు సిటిజన్లయ్యేదాకా, లేదా 40 క్వార్టర్ల (సుమారు పదేళ్ళ) పని పూర్తయ్యేదాకా బాధ్యత మీదే. భార్యాభర్తలు విడిపోయినా అది పోదు.

మెడికల్ కాకుండా మనిషికి ఫీజులు: ఐ-130 ఆన్‌లైన్‌లో 625, ఎన్‌వీసీ (నేషనల్ వీసా సెంటర్)లో వీసా దరఖాస్తుకి 325, ఐ-864కి 120, చివర్లో గ్రీన్‌కార్డుకి 235. మొత్తం 1,305 డాలర్లు.

చోడవరం రిజిస్టర్లు:
ఒకటి చేరుస్తాను. ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో కాదు, ముంబైలో. పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసు నుంచి, 16 నిండిన ప్రతి ఒక్కరికీ. మెడికల్ కాన్సులేట్ ఆమోదించిన డాక్టర్ దగ్గరే, ఇంటర్వ్యూకి చాలినంత ముందుగా. అత్తగారికి ఎప్పుడో టీబీ వచ్చి తగ్గిపోయినా సరే, ఎక్స్‌రేలో మచ్చ కనబడితే కళ్ళె పరీక్ష మూడు రోజులు తీసి, కల్చర్‌కి సుమారు ఎనిమిది వారాలు ఆపుతారు. అప్పటి మందుల చీటీలు, పాత ఎక్స్‌రేలు ఇంట్లో ఉంటే వెతికి తీసి వెంట పంపండి.