విండోస్ ఎక్స్‌పీ సిస్టంలో ఇప్పటికీ పనిచేసే బ్రౌజర్ ఏది?

పాతడబ్బా: పెంటియం 4, 1 జీబీ ర్యామ్, ఎక్స్‌పీ ఎస్పీ3. ప్రింటర్ డ్రైవర్ ఎక్స్‌పీకే ఉంది కాబట్టి మార్చలేను. క్రోమ్ 49లో ఏ సైట్ తెరిచినా సర్టిఫికెట్ ఎర్రర్. తెలుగు అంతా డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తోంది.

చిప్‌సెట్: ముందు ఎర్రర్ చివర ఏముందో చదవండి. డేట్ ఇన్వాలిడ్ అని ఉంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయి తేదీ వెనక్కి పోయినట్టే. అది మార్చి తేదీ సరిచేయండి. అథారిటీ ఇన్వాలిడ్ అయితే రూట్ సర్టిఫికెట్ల (సైటు అసలుదేనని తేల్చడానికి ఆధారమయ్యే మూల సర్టిఫికెట్ల) గొడవ. క్రోమ్ 49 విండోస్ దాచుకున్న సర్టిఫికెట్లనే నమ్ముతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ (సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే సంస్థ) వాడే సైట్లకు ఆసరాగా ఉన్న పాత రూట్ 2021 సెప్టెంబర్ 30తో ముగిసింది, కొత్తది ఎక్స్‌పీలో లేదు. ఫైర్‌ఫాక్స్ వంశపు బ్రౌజర్లు తమ సర్టిఫికెట్లు తామే తెచ్చుకుంటాయి, వాటికి ఈ బెడద లేదు.

మైపాల్ 68 పెట్టండి, అది ఫైర్‌ఫాక్స్ 68 మీద కట్టింది. 1 జీబీలో బరువనిపిస్తే న్యూ మూన్ 28 అనే తేలికపాటి బ్రౌజర్, దాంతో ప్రకటనలు ఆపే యాడ్ఆన్ యూబ్లాక్ ఆరిజిన్ లెగసీ 1.16.4. సూపర్మియం అనే బ్రౌజర్ క్రోమియం (క్రోమ్‌కు మూలమైన కోడ్) రకం, సైట్లు బాగానే తెరుస్తుంది గానీ మీ ర్యామ్‌కి వద్దు. ఫైర్‌ఫాక్స్ 52.9 జోలికి పోకండి: కొత్త జావాస్క్రిప్ట్‌లో ‘?.’ కనబడితే ఆ ఫైలు మొత్తం వదిలేస్తుంది, పేజీ తెల్లగా మిగులుతుంది.

ర్యామ్‌రాజు: ఐఈ8తో డౌన్‌లోడ్ చేద్దామనుకోకండి, దానికి టీఎల్‌ఎస్ 1.2 (సైట్లతో భద్రంగా మాట్లాడే పద్ధతి) రాదు, మైపాల్ దొరికే గిట్‌హబ్ సైటు తెరుచుకోదు. వేరే సిస్టంలో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉండాలి. ఎక్స్‌ఫ్యాట్‌ది పెడితే ఎక్స్‌పీ "ఫార్మాట్ చేయమంటారా?" అని అడుగుతుంది, ఎస్ నొక్కారో, అందులో ఉన్నదంతా పోతుంది.

లిపి: డబ్బాలకు మందు కంట్రోల్ ప్యానెల్‌లోనే ఉంది. రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్, లాంగ్వేజెస్ ట్యాబ్, అందులో కాంప్లెక్స్ స్క్రిప్ట్ అన్న మొదటి గడికి టిక్. ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. లేకపోతే ఐ386 ఫోల్డర్ (ఎక్స్‌పీ ఇన్‌స్టాల్ ఫైళ్లుండేది) చూపించండి. రీస్టార్ట్ అయ్యాక గౌతమి అనే తెలుగు ఫాంట్ వచ్చేస్తుంది.

పాతడబ్బా: పక్క షాపులో పెంటియం 3 ఉంది. దానికీ మైపాల్ నడుస్తుందా?

చిప్‌సెట్: నడవదు, పెంటియం 3లో మైపాల్‌కు కావలసిన ఎస్‌ఎస్‌ఈ2 (ప్రాసెసర్‌లో ఉండే ఒక ఆదేశాల సెట్) లేదు. అథ్లాన్ ఎక్స్‌పీ అనే ఏఎండీ ప్రాసెసర్‌దీ అదే సంగతి. న్యూ మూన్‌లో పాత ఎస్‌ఎస్‌ఈతోనే నడిచే బిల్డ్ విడిగా ఇస్తారు, అది దించుకోండి. బ్యాంకు పనులు మాత్రం ఫోన్లో చేసుకోండి. బ్రౌజర్ కొత్తదైనా కింద ఉన్న ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌తోనే మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి.