మర తిరిగితే లక్ష్మి (2)

నిన్న మా గళ్ళనుడికట్టు (క్రాస్‌వర్డ్) గ్రూపులో వచ్చిన ఒక ఆధారం, అంటే జవాబుకు దారి చూపే వాక్యం, దాని మీద వాదన ఇంకా తెగలేదు కాబట్టి విడిగా రాస్తున్నాను. ఆధారం ఇది: "సగం టీ తాగితే పండు (3)". బ్రాకెట్లో ఉన్నది జవాబులోని అక్షరాల లెక్క. జవాబు అరటి అట. సగం అంటే అర, పక్కన టీ. చదవగానే నాకూ నచ్చింది, కానీ గడిలో పెట్టబోతే కుదరదు. అర, టీ కలిస్తే అరటీ అవుతుంది, అరటి కాదు. "ఒక్క దీర్ఘమే కదా, సర్దుకుపోదాం" అని నలుగురైదుగురు అన్నారు. నేను సర్దుకోలేను, ఎందుకో చెప్తాను.

ఇంగ్లీషు ఆటలో గడికి ఒక లెటర్. 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ తన పజిల్ వేసినప్పుడూ అంతే, ఇవాళా అంతే, ఇరవై ఆరింటిలో ఏదో ఒకటి. మన గళ్ళనుడికట్టులో గడికి ఒక అక్షరం, అంటే గుణింతం, వత్తు, సున్నా అన్నీ కలుపుకుని ఒక గడి. టి వేరు, టీ వేరు, టిం వేరు. అడ్డంలో అరటి ఉంది, దాని చివరి గడిని కోసుకుంటూ నిలువులో కిటికీ దిగుతోంది అనుకోండి. ఆధారాన్ని నమ్మి టీ రాసినవాళ్ళకు కిటీకీ వస్తుంది. తప్పు వాళ్ళది కాదు, కూర్చినవాళ్ళది. (కిటికీ అటు చదివినా ఇటు చదివినా ఒకటే అని చాలామంది అంటుంటారు, అదీ కాదు, మొదట కి, చివర కీ. అలాంటి మాట కావాలంటే టమాట ఉంది, మడమ ఉంది, పులుపు ఉంది.) అలాగే నిజామాబాద్‌లో జామ దాగి ఉందని ఒకరన్నారు. అక్కడ దాగింది జామా.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన దాని దగ్గరికి వస్తాను. "మర తిరిగితే లక్ష్మి (2)". మొన్న పిండిమర దగ్గర బియ్యం డబ్బా పెట్టుకుని వరసలో నిలబడ్డప్పుడు తట్టింది. మర తిరిగితే యజమాని ఇంట్లోకి డబ్బు వస్తుంది, అది పైకి కనిపించే అర్థం. మర అన్న రెండక్షరాలనే అటు తిప్పి చదివితే రమ, అంటే లక్ష్మి. ఒక్క మాట కూడా అదనంగా లేదు, ఒక్క అక్షరం కూడా వంచలేదు. ఇక్కడ పని చేసిందంతా "తిరుగు" అన్న క్రియ. గుండ్రంగా తిరగడం, వెనక్కి తిరగడం రెండూ మనకు ఒకే మాట కావడం ఎంత సదుపాయమో చూడండి. "పడక తిప్పి వేసుకుంటే దేవుని గడప (3)" అంటే కడప. "కలప వెనక్కి తిరిగి బడికెళ్ళింది (3)" అంటే పలక.

వీటిలో పడక కుదరడానికి ఇంకో కారణం ఉంది, అది వ్యాకరణానిది. తెలుగులో మాట చాలాసార్లు ఒంటరిగా నిలబడదు, వెంటనే ఒక ను, కి, తో వచ్చి అతుక్కుంటుంది. "సీతను తిప్పితే" అని రాస్తే తిప్పాల్సింది సీతనా, సీతనునా? ప్రాణం లేనివాటికి మాత్రం ను లేకుండానే గడిచిపోతుంది. పుస్తకం చదివాను అంటాం, పడక తిప్పాను అంటాం. అందుకే వస్తువుల పేర్లతో ఆధారం శుభ్రంగా వస్తుంది, మనుషుల పేర్లతో ఇబ్బంది పడతాం.

ఆ విభక్తినే ముడిసరుకుగా వాడుకుంటే మరీ బాగుంటుంది. "చిక్కు వలన పుట్టిన పెద్ద కథ (3)". ఇది పూరించడానికి మా అమ్మకు ఒక పూటంతా పట్టింది. వలన అంటే పంచమీ విభక్తి, కంటికి ఆనదు, దాన్ని దాటుకుని చిక్కు దగ్గరా కథ దగ్గరా వెతుకుతూ కూర్చుంటాం. చిక్కుపడింది ఆ "వలన" అన్న మాటే, దాని మూడక్షరాలూ విడదీసి పేరిస్తే నవల. పెన్సిల్‌తో వ, ల, న అని పేపరు అంచున విడివిడిగా రాసుకున్నాక "అయ్యో, ఇదా!" అంది, ఆ "ఇదా" కోసమే ఈ ఆట. ఇది కొత్త సరదా కూడా కాదు. అవధానంలో వ్యస్తాక్షరి అంటే అక్షరాలను వరస తప్పించి అందిస్తే అవధాని కూర్చుకుని చెప్పడమే. శ్రీశ్రీ, ఆరుద్ర లాంటి కవులు నుడికట్టు కూర్చడానికి కూర్చున్నారంటే ఆశ్చర్యం లేదు.

ఇంకొక్కటి. "తలకిందులు" అన్న సూచన నిలువు ఆధారాల్లోనే వేయండి. అడ్డం మాటకు తలా కిందా ఉండవు, అక్కడ వెనుదిరిగి, అటునుంచి లాంటివి సరిపోతాయి.

ఒక సభ్యురాలి జవాబు: గురువుగారూ, మీ వాదన ఒప్పుకుంటాను, కానీ ఇంత గట్టిగా పట్టుబడితే కొత్తగా కూర్చేవాళ్ళు భయపడి మానేస్తారండీ. నాలుగు నెలలుగా ప్రయత్నిస్తున్నాను, పది గళ్ళ చదరం నింపేసరికి ప్రాణం పోతోంది. ఒక్కో హల్లుకు అన్ని గుణింతాలాయె, కోసుకునే చోట అక్షరం దొరకదు.

నా జవాబు: దొరకదమ్మా, నిజమే. గడి నింపేటప్పుడు నేనూ ముందు ల, ర, క, న లాంటి తలకట్టు అక్షరాలు కోతల్లో పడేలా చూసుకుని, దీర్ఘాలూ వత్తులూ కోత లేని గళ్ళలోకి తోస్తాను, అలా చేస్తే టెన్షన్ సగం తగ్గుతుంది. నల్లగళ్ళు నాలుగు ఎక్కువైనా ఎవరూ ఏమీ అనుకోరు. ఆధారంలో దీర్ఘం తప్పితే మాత్రం పూరించేవాళ్ళు ఇక మిమ్మల్ని నమ్మరు.

అదే సభ్యురాలు: సరేనండి, అయితే ఆ అరటిని ఇలా బాగుచేయొచ్చా? "అర టీకే దీర్ఘం తీస్తే పండు (3)".

నా జవాబు: భలే! దీర్ఘం తీయడం అంటే సాగదీసి మాట్లాడటం, ఇక్కడేమో నిజంగానే టీకి ఉన్న దీర్ఘం తీసేయడం. అర, టి. కిటికీ కూడా సరిగ్గా దిగుతుంది. నిన్నటిది తీసేసి ఇది పెట్టండి.