అద్దె ఇంట్లో మేకులు కొట్టకుండా సక్యులెంట్లు అందంగా పెట్టుకోవడం ఎలా?

భవానీపురం థర్డ్ ఫ్లోర్:

అందరికీ నమస్కారం. ఆగస్టులో రాజమండ్రి పెళ్ళికి వెళ్ళి వస్తూ కడియపులంకలో ఆగాం. ఒక సక్యులెంటు (దళసరి ఆకుల్లో నీళ్ళు దాచుకునే మొక్క) చాలనుకుని దిగినదాన్ని తొమ్మిదింటితో కారెక్కాను. తామరపువ్వులా విచ్చుకునే ఎచెవేరియాలు నాలుగు, తెల్ల చారల హవర్తియాలు రెండు, జేడ్, వేలాడే సెడమ్, స్నేక్ ప్లాంట్ ఒక్కొక్కటి. మా ఆయన ఒళ్ళో మూడు కుండీలు పెట్టుకుని ఏలూరు దాకా మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక గాజు గిన్నెలో మట్టి నింపి, మూడు ఎచెవేరియాలు నాటి, పైన తెల్లరాళ్ళు పరిచి టీవీ పక్కన పెట్టాను. ఫోటోలో బ్రహ్మాండంగా ఉంది. పదిహేను రోజులకి ఒకదాన్ని ముట్టుకుంటే ఆకులన్నీ చేతిలోకి వచ్చేశాయి, కాండం ఉడికిన బెండకాయలా మెత్తగా ఉంది. ఇంకోటి మెడ సాచి కిటికీ వైపు చూస్తోంది.

బాల్కనీ పడమర, మధ్యాహ్నం నుంచి నిప్పులు. తూర్పున హాలు చివర ఒక కిటికీ, వంటింట్లో ఒకటి. ఓనరుగారు మేకు కొడితే ఊరుకోరు. హాల్లో నలుగురికీ కనపడాలి, పదిహేను వందలు దాటకూడదు. పైగా మా అత్తగారు ‘ముళ్ళమొక్కలు ఇంట్లో ఏంటి’ అంటున్నారు. వీటికి ముళ్ళే లేవని ఎంత చెప్పినా వినరు.

పటమట ఫ్రేములు:

చెక్క ఫ్రేము చేయించండి మేడమ్. రెండంగుళాల లోతు పెట్టె, వెనక ప్లైవుడ్, ముందు కోళ్ళ మెష్. మట్టి నింపి, మెష్ కళ్ళలో చిన్న చిన్న సక్యులెంట్లు గుచ్చాలి. నెలరోజులు నేల మీద పడుకోబెట్టే ఉంచి, వేళ్ళు పట్టాక నిలబెట్టాలి. మేకు అక్కర్లేదు, గోడకి ఆనిస్తే చాలు. సోఫా వెనక అదిరిపోతుంది.

సత్యనారాయణపురం పిన్ని:

బాబూ, సోఫా వెనక ఫ్రేము అదురుతుంది సరే, వెలుతురో? అక్కడ ట్యూబ్‌లైట్ తప్ప ఏమీ ఉండదు. మూడు నెలల్లో ఆ మొక్కలన్నీ సాగి సాగి తోటకూర కాడల్లా తయారవుతాయి. కిటికీ పక్క గోడ అయితే నీ ఫ్రేముకి నేను ఓటేస్తాను.

అమ్మాయ్, నువ్వు ముందు ఆ గాజు గిన్నె ఖాళీ చేసి శనగలు నానబోసుకో. అడుగున చిల్లు లేకపోతే పోసిన నీళ్ళు ఎటు పోతాయి? పైన రాళ్ళు కప్పితే మట్టి ఆరిందో లేదో కూడా తెలియదు. నేనూ ఇలాగే మూడు చంపాను కాబట్టి నిన్ను తిట్టే హక్కు నాకు లేదులే.

ఎచెవేరియా మెక్సికో కొండల మొక్క. పగలు ఎండ, రాత్రి చలి దానికి అలవాటు. ఇలాంటివి నీరు ఆవిరైపోకుండా పగలు ఆకుల రంధ్రాలు మూసుకుని రాత్రి తెరుస్తాయి. మే నెల రాత్రి బెజవాడలో మనకే ఊపిరాడదు, దానికేం ఆడుతుంది! అందుకే మన ఊళ్ళో అది శీతాకాలపు చుట్టం. వానాకాలం, ఎండాకాలం ప్రాణాలతో దాటిస్తే గొప్ప. హవర్తియా అలా కాదు. దక్షిణాఫ్రికాలో పొదల నీడన, రాళ్ళ సందుల్లో పెరిగేది, కిటికీ లోపల హాయిగా ఉంటుంది. హాల్లో కాస్త మసక చోటుంటే స్నేక్ ప్లాంట్ కి ఇచ్చెయ్, అది ఏమీ అనుకోదు.

ఇక అలంకారం. పదిహేను వందలు దాచుకో, అటక ఎక్కు. మీ ఇంట్లో పాత కాఫీ ఫిల్టర్ ఉందా? పై గిన్నెకి చిల్లులు పెట్టే ఉంటాయి, కింద గిన్నె నీళ్ళు పట్టుకుంటుంది. అంతకన్నా మంచి కుండీ ఎవరు చేస్తారు? మా ఇంట్లో మూత పోయిన ఇత్తడి ఫిల్టర్ లో హవర్తియా పెట్టి రెండేళ్ళయింది. నీళ్ళు పోస్తే డికాక్షన్ దిగినట్టు చుక్క చుక్క దిగుతాయి. దిగినవి వెంటనే పారబోస్తాను. మొదట్లో ఒకసారి మరిచిపోయి పొద్దున్నే మా ఆయన ముందు అదే ఫిల్టర్ పెట్టబోయాను, ఆ సంగతి వదిలెయ్.

రెండోది ఇడ్లీ స్టాండు. పాత అల్యూమినియంది, గుంటల్లో చిల్లులున్నది. రాలిన ఎచెవేరియా ఆకులు పారెయ్యలేదు కదా? మొదలు దాకా గట్టిగా ఉన్నవి ఏరు, మొదట్లో మెత్తబడ్డవి పనికిరావు. రెండు రోజులు నీడలో ఆరబెట్టి, గుంటకి గుప్పెడు మట్టి పోసి, పైన ఊరికే పడుకోబెట్టు. పాతిపెట్టకు. కొన్ని వారాలకి ఆకు మొదలు దగ్గర దారాల్లాంటి గులాబీ వేళ్ళు, వాటి పక్కన ఆవగింజంత మొక్క కనపడతాయి. తల్లి ఆకు ముడతలు పడి ఎండుతుంటే పిల్ల లావెక్కుతుంది. అన్నీ బతకవు, పదికి నాలుగైదు నిలిస్తే సంతోషించు. ప్లేట్లు దగ్గరదగ్గరగా ఉంటే కింద వాటికి వెలుతురు అందదు. నేను ఆరింట్లో మూడే వాడి, మధ్యలో ప్లంబర్ వదిలేసిన పైపు ముక్కలు తొడిగాను.

అసలు సంగతి మాత్రం బొమ్మల కొలువు మెట్లు. మా అత్తగారి కాలం నాటి ఐదు మెట్లు. సంక్రాంతికి వారం పని, మిగతా ఏడాదంతా దుమ్ము. వాటిని తూర్పు కిటికీకి పక్కవాటంగా వేశాను. కిటికీకి ఎదురుగా వేస్తే వచ్చినవాళ్ళకి మెట్ల వీపు కనపడుతుంది, వీపు పెడితే మొక్కలకి ఎండ తగలదు. పక్కవాటమైతే ఇద్దరికీ న్యాయం. ప్రతి ఆదివారం కుండీని పావు చుట్టు తిప్పుతాను, మెడ సాచకుండా. జేడ్ ఎలాగూ చిన్న చెట్టులా ఉంటుంది కాబట్టి దాని నీడన కొండపల్లి ఏనుగు అంబారీ నిలబెట్టాను. ఆ పక్కనే తాటిచెట్టెక్కే మనిషి. అవి తెల్లపొణికి కర్ర బొమ్మలు, తడి తగిలితే రంగు పోతుంది. అందుకని మెట్ల మీద నీళ్ళు పొయ్యను. కుండీలు సింకులోకి తీసుకెళ్ళి, పోసి, వాడ్చి, మళ్ళీ తెచ్చి పెట్టాలి. బద్ధకం వల్ల నీళ్ళు తక్కువ పడతాయి, మొక్కలకి అదే మంచిదయింది.

మట్టి మాట: ఎర్రమట్టి ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు, ముతక ఇసుక, చితక్కొట్టిన ఇటుక కలిపి రెండు పాళ్ళు. ఇటుకని జల్లించి, కిందకి దిగిన పొడి పారేసి పైన మిగిలినదే వెయ్యి. నీళ్ళు పొయ్యాలో వద్దో అనుమానమొస్తే కొబ్బరి చీపురు పుల్ల అడుగుదాకా గుచ్చి తియ్యి. పుల్లకి మట్టి అంటుకుంటే వద్దు.

మీ అత్తగారికి ఒక రణపాల ఆకు తెచ్చివ్వు. అదీ సక్యులెంటే. దారం కట్టి వేలాడదియ్యమను. ఆకు అంచు నొక్కుల్లోంచి పిల్లలొస్తాయి, ఆవిడ చిన్నప్పుడు పుస్తకంలో పెట్టుకునే ఉంటారు.

గుంటూరు బ్రాడీపేట డాబా:

పిన్నిగారు అన్నీ చెప్పేశారు, మిగిలింది పడమర బాల్కనీ. అక్కడ ఎచెవేరియాలతో కుస్తీ పట్టకండి, ఎడారి గులాబీ పెట్టండి. అడీనియం అని అడిగితే నర్సరీలో ఇస్తారు. ఎండ ఎంత ఉంటే అంత పూస్తుంది. కుండీ మాత్రం బాల్కనీ గోడ మీద పెట్టొద్దు, లోపల కిందే. గాలివానకి మా పక్కింటివాళ్ళ కుండీ కింద స్కూటీ సీటు మీద పడింది, ఆర్నెల్లు మాటల్లేవు.

సక్యులెంట్లు ఊరగాయ జాడీలో చాలా బాగుంటాయి. నేను టైల్స్ కి వాడే డ్రిల్లు బిట్టుతో, నీళ్ళు పోస్తూ మెల్లగా ఒకదానికి చిల్లు వేశాను. రెండోది మా అమ్మ ఆవకాయ జాడీ, నిలువునా పగిలింది. మీరు చిల్లు జోలికి పోకుండా నర్సరీ కుండీనే జాడీలో దించేయండి, నీళ్ళప్పుడు బయటికి తీయండి.

ఆకుల సందుల్లో తెల్లగా దూదిలా కనపడితే పిండినల్లి. ఇయర్ బడ్ ని స్పిరిట్ లో ముంచి తుడవండి, ఆ కుండీని మిగతావాటికి దూరంగా పెట్టండి. ఇంట్లో పిల్లిగానీ కుక్కగానీ ఉంటే జేడ్, రణపాల వాటికి అందకుండా చూసుకోండి, తింటే ప్రమాదం.

భవానీపురం థర్డ్ ఫ్లోర్:

నెల తర్వాత రిపోర్టు. పిన్నిగారూ, కొలువు మెట్లు మాకు లేవు. బదులుగా పాత స్టీలు బిందెల స్టాండు కిటికీకి పక్కవాటంగా వేశాను, వేలాడే సెడమ్ పైన, హవర్తియాలు మధ్యలో. ఫిల్టర్ దొరికింది. ఇడ్లీ స్టాండులో పదకొండు ఆకులు పరిస్తే ఐదింటికి వేళ్ళొచ్చాయి. మెడ సాచినదాన్ని ఏం చెయ్యాలి?

సత్యనారాయణపురం పిన్ని:

తల కింద రెండంగుళాల కాడ ఉంచి కోసెయ్. నాలుగైదు రోజులు గాలికి ఆరనిచ్చి, పొడి మట్టిలో గుచ్చు. వారం దాకా నీళ్ళు వద్దు. మిగిలిన మోడు పారెయ్యకు, పక్కల నుంచి పిలకలు వేస్తుంది. అత్తగారు ఏమన్నారు?

భవానీపురం థర్డ్ ఫ్లోర్:

రణపాల ఆకు చూడగానే ‘ఇదా, మా ఊళ్ళో దొడ్డినిండా ఉండేది’ అని తీసుకెళ్ళి క్యాలెండర్ మేకుకి కట్టారు. ఆ మేకు ముందు అద్దెకున్నవాళ్ళది, కాబట్టి ఓనరుగారి గొడవ లేదు. ఆరు పిల్లలొచ్చాయి, వేళ్ళు తేదీల మీదకి వేలాడుతున్నాయి. నెల మారి నాలుగు రోజులైంది. కాగితం తిప్పుదామంటే ఆకు కదులుతుందని ఆవిడ మమ్మల్ని క్యాలెండర్ ముట్టుకోనివ్వడం లేదు.