విదేశీ సంస్థలు మార్కెట్ పడుతుందని పందెం కాస్తున్నాయా?

హనుమకొండ టీచర్: ఇండెక్స్ ఫ్యూచర్స్‌లో, అంటే నిఫ్టీ లాంటి షేర్ల సూచీ మీద ముందస్తు ఒప్పందాల్లో, విదేశీ సంస్థల షార్ట్‌లు (ముందే అమ్మిపెట్టిన కాంట్రాక్టులు) పెరిగాయని రోజూ వింటున్నాను. నాకు మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే సిప్ ఉంది. ఆపేయమంటారా?

మిర్చి వ్యాపారి, వరంగల్: ఎవరి చేతిలో ఎన్ని కాంట్రాక్టులున్నాయో స్టాక్ ఎక్స్ఛేంజీ ఎన్‌ఎస్‌ఈ ట్రేడింగ్ జరిగిన ప్రతి రోజూ ప్రకటిస్తుంది, నేనూ చూస్తాను. కానీ షార్ట్ అంతా పందెం కాదండీ. లక్షల కోట్ల షేర్లున్నవాళ్లు వాటిని అమ్మకుండా, ధర పడితే నష్టం పూడుతుందని నిఫ్టీ ఫ్యూచర్స్ అమ్ముతారు. కోల్డ్ స్టోరేజీలో సరుకున్న నేను ధర పెరగాలనే కోరుకుంటాను. అయినా కొన్ని బస్తాలకు ముందే బేరం కుదుర్చుకుంటాను. షార్ట్‌లు లెక్కపెట్టి భయపెట్టేవాళ్లు చేతిలోని షేర్ల ఊసెత్తరు. అదే నా చిరాకు.

కాజీపేట నుంచి ఒకరు: అన్నా, 2024 అక్టోబరులో నిజంగానే అమ్మారు కదా! షేర్ల ఖాతాలు నిర్వహించే ఎన్‌ఎస్‌డీఎల్ లెక్కలో దాదాపు 94 వేల కోట్ల రూపాయలు.

మిర్చి వ్యాపారి, వరంగల్: అమ్మారు. అవి చేతిలో ఉన్న షేర్లు. అదే నెలలో దేశీయ సంస్థలు లక్ష కోట్లకు పైగా కొన్నాయి, అందులో సిప్ డబ్బూ ఉంది. పైగా షార్ట్ మూసేయాలంటే తిరిగి కొనాల్సిందే. అందరూ ఒకేసారి కొంటే మార్కెట్ ఎగురుతుంది. టీచర్ గారూ, మీకు డబ్బు ఎప్పుడు కావాలి?

హనుమకొండ టీచర్: అమ్మాయి ఇంజినీరింగ్‌కు. ఇంకా ఎనిమిదేళ్లు.

మిర్చి వ్యాపారి, వరంగల్: అయితే ఆపకండి.