సైక్లిన్ బీ1 యాంటీబాడీ: బ్యాండ్ వేరే చోట పడితే డబ్బు వాపసు అడగొద్దా?

బ్రాడీపేట_బ్లాట్:
గుంటూరులో పీహెచ్‌డీ మూడో ఏడు. కణ విభజనని నడిపే మనిషి సైక్లిన్ బీ1 ప్రొటీన్‌ని పట్టుకునే యాంటీబాడీ, కుందేలులో చేసిన పాలీక్లోనల్ రకం, తెప్పించాను. కంటింజెన్సీ గ్రాంటులో సగం దానికే పోయింది. 433 అమైనో ఆమ్లాల ప్రొటీన్, లెక్క ప్రకారం 48 కిలోడాల్టన్లు. హీలా క్యాన్సర్ కణాల ప్రొటీన్లని జెల్‌లో సైజు వారీగా విడదీసి ఆ యాంటీబాడీతో చూసిన నా బ్లాట్‌లో 55 దాటాక సన్నగా ఒక గీత, 48 దగ్గర ఏమీ లేదు. ప్యాకెట్టేమో మే ఎండల్లో రెండు రోజులు విజయవాడ గోడౌన్‌లో పడుంది. డీలర్ ఫోనెత్తడు.

కృష్ణలంక_మాస్టారు:
48 కాగితం మీది లెక్కమ్మా. జెల్‌లో ఇది 55-60 మధ్యనే కనిపిస్తుంది. పీ21 కూడా లెక్కకి 18, జెల్ మీద 21. పేరే అలా వచ్చింది.

బ్రాడీపేట_బ్లాట్:
డేటాషీట్‌లో 48 అనే ఉంది సార్. బస్తా మీద 25 కిలోలని రాసి 22 తూగితే ఊరుకుంటామా?

ఆటోనగర్_అన్న:
డీలర్లంతా అంతే. నేను ఎలుక యాంటీబాడీ అడిగితే ఒకడు కుందేలుది పంపి, దాన్ని పట్టుకునే సెకండరీ యాంటీబాడీ కూడా మార్చుకోమన్నాడు. ఆ మూడు నెలలు ఎవడిస్తాడు?

కృష్ణలంక_మాస్టారు:
దానికీ దీనికీ ఏం సంబంధం? ఈ ప్రొటీన్ అన్నివేళలా ఉండదు. కణం డీఎన్‌ఏ నకలు చేసుకునే ఎస్ దశ చివర్లో పెరగడం మొదలై, కణం రెండుగా విడిపోయే మైటోసిస్ దాకా పోగై, అందులో క్రోమోజోములు విడిపోయే అనాఫేజ్ వేళకి ముక్కలైపోతుంది. 1982లో శాస్త్రవేత్త టిమ్ హంట్ సీ అర్చిన్ అనే ముళ్ల సముద్రజీవి గుడ్లలో చూసిందీ ఇలా వచ్చి మాయమయ్యే ప్రొటీన్‌నే. మామూలు ఫ్లాస్కులో మైటోసిస్ కణాలు ఏ కాసినో, అందుకే గీత సన్నం. కణాల్ని మైటోసిస్‌లో ఆపేసే నోకడజోల్ మందు 16 గంటలు పెట్టు. అదే గీత లావెక్కితే యాంటీబాడీ నిక్షేపం.

బ్రాడీపేట_బ్లాట్:
పెట్టాను సార్, లావెక్కలేదు. గుండ్రంగా తేలిన చచ్చిన కణాలు మీడియంతో పారబోసి, అడుగువి గీకి, పగలగొట్టి లైసేట్ చేశాను.

పటమట_లత:
అయ్యో, ఆ గుండ్రటివే మైటోసిస్ కణాలు! కావాల్సిందంతా సింకులో పోశావు.

ఆటోనగర్_అన్న:
అంటే డీలర్ మంచోడంటారా?

బ్రాడీపేట_బ్లాట్:
మా సీనియర్ నేర్పిందే అక్కా. ల్యాబ్‌లో అందరూ అంతే.

కృష్ణలంక_మాస్టారు:
మూడో ఏడొచ్చింది, ఒక్కసారి మైక్రోస్కోప్‌లో చూడాలనిపించలేదూ?

బ్రాడీపేట_బ్లాట్:
ఆ గది తాళం గైడ్ దగ్గరుంటుంది! "పోల్చి చూసే కంట్రోల్స్ తర్వాత, ముందు బ్యాండ్ చూపించు" అంటారు. 48 దగ్గర గీత లేదని మీటింగ్‌లో అందరి ముందూ నిలబెట్టారు. మీరు 55 అంటే ఆయన వింటారా? డీలర్ వాపసు తీసుకుంటే సరుకు చెడ్డదని ఒక కాగితం ఉంటుంది. నాకు కావాల్సింది డబ్బు కాదు, ఆ కాగితం.

కృష్ణలంక_మాస్టారు:
అది అబద్ధపు కాగితం కదమ్మా.

బ్రాడీపేట_బ్లాట్:
మీకేం సార్, రిటైరయ్యారు.

పటమట_లత:
గొడవాపండి. నోకడజోల్ పెట్టిన లైసేట్ నా ఫ్రీజర్‌లో ఉంది. శనివారం ఐస్ బాక్సుతో రా, నీ లైసేట్ పక్క లేన్‌లో వేసి చూపించు. ఈసారి ఫ్లాస్కు తట్టి, తేలినవి కూడా స్పిన్ చెయ్యి.

ఆటోనగర్_అన్న:
ఇంతకీ వాపసు ఇస్తాడా, ఇవ్వడా?