నవంబర్‌లో ప్రాగ్, వియన్నా, సాల్జ్‌బర్గ్, బుడాపెస్ట్ రైల్లో: ఏ వరుసలో వెళ్లాలి, టికెట్లు ఎప్పుడు కొనాలి?

ప్రశ్న (నలుగురం_ప్రయాణం):
నవంబర్ మొదటి వారం దాటాక 11 రాత్రులు. మేమిద్దరం, అమ్మానాన్న. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. హైదరాబాద్ నుంచి ప్రాగ్‌కి రానుపోను విమానం చూస్తున్నాం. ప్రాగ్, వియన్నా, సాల్జ్‌బర్గ్, బుడాపెస్ట్, మళ్లీ ప్రాగ్ అనుకున్నాం. యూరెయిల్ పాస్ మంచిదా, విడి టికెట్లా? రైలు టికెట్లు వీసాకి ముందే కొనాలా?

జవాబు (పట్టాలవెంట):
ముందు వరుస మార్చండి. వియన్నా నుంచి పడమరగా సాల్జ్‌బర్గ్‌కి రెండున్నర గంటలు వెళ్లి, బుడాపెస్ట్ కోసం మళ్లీ అదే దారిలో వెనక్కి రావాలి. ఆపైన బుడాపెస్ట్ నుంచి ప్రాగ్‌కి దాదాపు ఏడు గంటలు. అంటే ఒక రోజు పూర్తిగా రైల్లోనే పోతుంది. ప్రాగ్ 3, సాల్జ్‌బర్గ్ 2, వియన్నా 3, బుడాపెస్ట్ 3 రాత్రులుగా పెట్టుకోండి. విమానం ప్రాగ్‌లో దిగి బుడాపెస్ట్‌లో ఎక్కేలా మల్టీ సిటీ టికెట్ వెతకండి. దుబాయ్, దోహా మీదుగా రెండు ఊళ్లకూ విమానాలున్నాయి. ధర కొంచెం ఎక్కువ కనిపించినా, తిరిగి ప్రాగ్‌కి నలుగురి రైలు ఖర్చు, ఒక రాత్రి గది అద్దె కలిపి పోల్చి చూడండి.

పాస్ వద్దు. నాలుగు రోజుల యూరెయిల్ పాస్ (చాలా యూరప్ దేశాల రైళ్లకి ఒకే పాస్) 28 నుంచి 59 ఏళ్లవాళ్లకి ఒక్కొక్కరికి 280 యూరోలు దాటుతుంది. మీకు పెద్ద ప్రయాణాలు మూడే. ముందుగా కొంటే ఆస్ట్రియా రైల్వే, చెక్ రైల్వే రాయితీ టికెట్లు ఒక్కో ప్రయాణానికి 20 యూరోల దరిదాపుల్లో మొదలవుతాయి. ఒకే బండికి ఈ రెండు సంస్థల సైట్లలో వేర్వేరు ధరలు కనిపించవచ్చు, రెండూ చూడండి.

ఇబ్బంది పెట్టేది ప్రాగ్–సాల్జ్‌బర్గ్ ప్రయాణమే. ఆస్ట్రియాలోని లింజ్ వరకు సుమారు నాలుగు గంటలు, అక్కడ బండి మారితే ఇంకో గంట పైచిలుకు. సరిహద్దు దాటి లింజ్‌కి దిగే లైను చాలా మేర సింగిల్ ట్రాక్, మలుపులు ఎక్కువ. ఎదురుబండి ఆలస్యమైతే మీదీ ఆగుతుంది. సైట్ మాత్రం ఎనిమిది, పది నిమిషాల్లో బండి మారొచ్చని చూపిస్తుంది. మోకాళ్ల నొప్పులు, పెట్టెలతో అది కుదరదు. ఆస్ట్రియా రైల్వే యాప్‌లో బండి మారడానికి కనీస సమయం మనమే పెట్టుకోవచ్చు, 30 నిమిషాలు పెట్టండి. టికెట్ కూడా ప్రాగ్ నుంచి సాల్జ్‌బర్గ్ దాకా ఒకే బుకింగ్‌లో ఉండాలి. రెండు ముక్కలుగా కొంటే, మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు ఆ రాయితీ టికెట్ వృథా అవుతుంది. ఒకే టికెట్ అయితే తర్వాతి బండిలో పంపే బాధ్యత రైల్వేది. గమ్యం చేరడం గంట ఆలస్యమైతే ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం వెనక్కి అడగొచ్చు.

జవాబు (వీసా_కాగితాలు):
వీసా గురించి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు. పై వరుస ప్రకారం ఆస్ట్రియాలో 5, చెక్‌లో 3, హంగరీలో 3. కాబట్టి ప్రాగ్‌లో దిగినా సరే, ఆస్ట్రియాకే వేయాలి. మొదట దిగే దేశం అన్న లెక్క, రాత్రులు సమానమైనప్పుడే. ఆరు నెలల ముందు నుంచి వేయొచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుతుంది, అదనంగా పరిశీలిస్తే 45 రోజుల దాకా పోవచ్చు. రుసుము పెద్దవాళ్లకి 90 యూరోలు, బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి.

చవక రైలు టికెట్లకి డబ్బు వెనక్కి రాదు, కాబట్టి వీసా చేతికొచ్చేదాకా కొనకండి. దరఖాస్తులో రోజువారీ ప్రణాళిక, రద్దు చేసుకోగల హోటల్ బుకింగ్‌లు పెట్టండి. నవంబర్‌లో మంగళ, బుధ, గురువారాలకి మూడు వారాల ముందు కూడా రాయితీ టికెట్లు మిగులుతాయి. శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం సాయంత్రం మాత్రం సొంతూళ్లకి వెళ్లొచ్చేవాళ్లతో బళ్లు నిండుతాయి, ధరలూ పెరుగుతాయి. నవంబర్ 17 చెక్‌లో సెలవు, ఆలోపు ప్రాగ్ దాటేయండి. నెల మధ్యలో వియన్నాలో క్రిస్మస్ సంతలు మొదలవుతాయి, అప్పటి నుంచి గదుల అద్దె సీజన్ ధరకి చేరుతుంది.

నలుగురం_ప్రయాణం:
వరుస మారుస్తాం, చాలా థాంక్స్ అండీ. సీట్లు విడిగా రిజర్వ్ చేయాలా? సామాను ఎలా?

జవాబు (పట్టాలవెంట):
ఆస్ట్రియా రైల్వే వేగబండి రైల్‌జెట్‌లో టికెట్ ఉంటే ఎక్కొచ్చు, సీటు ఖాయం కాదు. కొద్ది యూరోలే కాబట్టి నలుగురికీ రిజర్వ్ చేయండి, పెద్దవాళ్లని నిలబెట్టకూడదు. సాల్జ్‌బర్గ్–వియన్నా మధ్య వెస్ట్‌బాన్ అనే ప్రైవేటు బళ్లూ ఉన్నాయి. ఆస్ట్రియా రైల్వే రాయితీ టికెట్ వాటిలో చెల్లదు. వాటిలో చాలావరకు వెస్ట్‌బాన్‌హాఫ్ అనే వేరే స్టేషన్‌కి వెళ్తాయి. మీ హోటల్ ఎటు దగ్గరో చూసి కొనండి. బుడాపెస్ట్‌లో బండి కెలెన్‌ఫోల్డ్ స్టేషన్‌లో ఆగి తర్వాత కెలెటి స్టేషన్‌కి వెళ్తుంది. హోటల్ బుడా వైపు (నదికి పడమటి ఒడ్డున) ఉంటే కెలెన్‌ఫోల్డ్‌లోనే దిగి నాలుగో మెట్రో ఎక్కొచ్చు.

మనిషికి ఒక మధ్య సైజు పెట్టె చాలు. 28 అంగుళాలది పైన ర్యాక్‌లోకి ఎత్తడం కష్టం, కూలీలు ఉండరు. ప్రాగ్ ప్రధాన స్టేషన్‌లో ప్లాట్‌ఫారం నంబరు బోర్డు మీద ఆలస్యంగా పడుతుంది, అందుకని అరగంట ముందే చేరండి. పాస్‌పోర్ట్ అసలుదే ఒంటి మీద ఉండాలి, సరిహద్దుల్లో ఒక్కోసారి అడుగుతారు.

నవంబర్‌లో సాయంత్రం నాలుగుంపావు ప్రాంతానికే చీకటి. వియన్నా–బుడాపెస్ట్ రెండు గంటల నలభై నిమిషాలే కాబట్టి, వెలుతురున్నంతసేపు ఊరు చూసి చీకటి పడ్డాక బండెక్కండి. ప్రాగ్–లింజ్ మాత్రం పగలే. సాల్జ్‌బర్గ్‌లో హెల్‌బ్రున్ భవనం తోటలోని నీటి వినోదాలు, వియన్నాకి పడమరన డాన్యూబ్ నది వాఖావ్ లోయలో పడవలు అప్పటికి ఆగిపోతాయి, వాటి కోసం రోజు కేటాయించకండి. సాల్జ్‌బర్గ్ కోట, వియన్నాలోని షోన్‌బ్రున్ రాజభవనం ఏడాదంతా తెరిచే ఉంటాయి.

జవాబు (వీసా_కాగితాలు):
ఇంకోటి. మాంసం, పాల పదార్థాలు యూరప్‌లోకి తీసుకెళ్లకూడదు. చికెన్ పచ్చడి, నెయ్యి పెట్టెలో పెట్టకండి. ఆవకాయ, పొడులు, అటుకులు పెట్టుకోండి. ఆస్ట్రియాలో ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, వియన్నా ప్రధాన స్టేషన్‌లోది మాత్రం తెరిచి ఉంటుంది.